అడవి పుట్టగొడుగులకు సీజన్ ధర అంటూ ఉందా?

సుధ, మల్లేశ్వరం:
హిమాచల్, కశ్మీర్ కొండల్లో గుచ్చీలనే అడవి పుట్టగొడుగులను వసంతకాలంలో, సుమారుగా మార్చి నుంచి మే వరకు ఏరుతారు. అయినా మన బెంగళూరు దుకాణాల్లో ఎండు గుచ్చీల పొట్లం జూన్‌లో కొన్నా సంక్రాంతికి కొన్నా ధరలో పెద్ద తేడా నాకు కనిపించలేదు. కిలో లెక్కన అది 10,000 రూపాయలు ఎప్పుడో దాటిన సరుకు. సరుకు దిగే రోజుల్లో మామిడి చవకవుతుంది కదా, ఇది ఎందుకు కాదు? ఇది వ్యాపారుల పట్టుదలే తప్ప మరొకటి కాదని నా వాదన.

వెంకటరమణ, కోరమంగల:
సుధ గారూ, మామిడితో పోలిక ఇక్కడ నిలవదు. మన కొండల గుచ్చీ చాలావరకు తోట వేసి పండించేది కాదు. కొండవాసులు గంటల తరబడి వెతికి, దొరికినన్ని ఏరి, దారానికి గుచ్చి ఎండబెడతారు. తాజా పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీరే కాబట్టి పది కిలోలు ఎండితే మిగిలేది ఇంచుమించు కిలో. పైగా ఎండిన సరుకు నెలల తరబడి నిలవ ఉంటుంది గనుక, మే నెలలోనే తగ్గించి వదిలించుకోవలసిన తొందర ఎవరికీ లేదు.

లక్ష్మి, యలహంక:
సీజన్ ధర చూడాలంటే తాజా సరుకు దగ్గరే చూడాలి. మాది పాడేరు వైపు. తొలకరి తర్వాత పుట్టల మీద లేచే పుట్టగొడుగులకు (ఉరిమితేనే లేస్తాయని మా నాయనమ్మ ఇప్పటికీ వాదిస్తుంది) సంతలో పొద్దున చెప్పిన ధర, గొడుగు విచ్చుకుని వాడేసరికి, మధ్యాహ్నానికి నిలవదు. చెదపురుగులతో కలిసి బతికే జాతి కావడం వల్ల వీటిని బటన్, ముత్యపు చిప్ప రకాల మాదిరిగా షెడ్డులో పెంచడం కుదరలేదు. బస్తర్‌లో సాల్ చెట్ల కింద దొరికే బోడా అనే పుట్టగొడుగు కూడా తొలి వానలకు బాగా ప్రియంగా ఉండి, సంతకు సరుకు రావడం పెరిగేకొద్దీ ధర దిగుతుంది. అలాంటి సరుకు బెంగళూరు చేరేలోపే నల్లబడుతుంది కనుక, ఆ ఎగుడుదిగుడు మన దుకాణాల దాకా రాదు.

సుధ, మల్లేశ్వరం:
లక్ష్మి గారి మాటతో పట్టుదల అన్న నా ఆరోపణను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక పేచీ మిగిలే ఉంది. పొట్లం మీద గ్రాము ధర ముద్రించాలన్న నియమం ఉండబట్టి చిన్న పొట్లాన్నీ పెద్ద పొట్లాన్నీ పోల్చుకోగలుగుతున్నాం; ప్యాక్ చేసిన తేదీ కూడా ఉంటుంది. నేను కొన్న ఏ పొట్లం మీదా ఏరిన ఏడు మాత్రం లేదు. నిరుటి సరుకును ఈ ఏటి ధరకు కొంటున్నానో లేదో నాకెలా తెలియాలి?

వెంకటరమణ, కోరమంగల:
ఆ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాకపోతే పది చేతుల నుంచి వచ్చిన సరుకును ఒకే బస్తాలో కలిపిన వ్యాపారికి ఆ ఏడు తెలిసి ఉంటుందా అన్నది నా అనుమానం.