10×8 గదిలో కుట్టు మిషను, కటింగ్ బల్ల, బొంత పని: ఎలా సర్దాలి?

గది 10×8 అడుగులు, కిటికీ ఒక్కటే. మోటారు బిగించిన కాలు మిషను, ఓవర్‌లాక్ (గుడ్డ అంచుల పోగులు ఊడకుండా కుట్టే మిషను), 4×2.5 అడుగుల కటింగ్ బల్ల పట్టాలి. కిటికీ ఎడమ చేతి వైపుకు వచ్చేలా మిషను పెడితే సూది దగ్గర చేతి నీడ పడదు కాబట్టి దాని చోటు మార్చను.

అసలు చిక్కు బొంతతోనే. నాలుగు పొరల పాత చీరలతో 6×4 బొంత వేస్తే, కుట్టిన భాగం మిషను వెనక్కి జారి బరువుతో గుడ్డను లాగేస్తుంది. కుట్టు వంకరపోతుంది, లావుగా ఉండే 16 నంబరు సూది కూడా పక్కకు వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. వెనకా ఎడమా అదే ఎత్తులో ఆనిక ఉండాలి. కానీ మిషను బల్ల 30 అంగుళాలు, కటింగ్ బల్ల 36. కటింగ్ బల్ల కాళ్లు కోసేస్తే వంగి వంగి నడుము పోతుంది! గోడకు మడత బల్ల బిగించినవాళ్లున్నారా? బ్రాకెట్లు ఎంత దూరంలో వేశారు? కుట్టేటప్పుడు అదురుతుందా?

ఇంకోటి, దారాలు. గోడ స్టాండుకు పెడితే ఎండకు, దుమ్ముకు నూలు దారం పెళుసెక్కి తెగుతోంది. డబ్బాలో వేస్తే రంగు వెతకడానికే పూట గడుస్తుంది. లైనింగ్ ముక్కలు, ఫాల్స్ రంగుల వారీగా కవర్లలో పెట్టడం కుదిరింది, దారాలకే దారి దొరకలేదు. మీరెలా పెడుతున్నారు?