కలాంక్‌లలో తిరిగే విహార పడవలకూ రోజువారీ పరిమితి ఉండాలా?

కాలిబాట:
ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మార్సెయ్ నగరానికీ కాసీ పట్టణానికీ మధ్య, తెల్లని సున్నపురాతి కొండల నడుమకు సముద్రం చొచ్చుకువచ్చిన ఇరుకైన పాయలను కలాంక్‌లు అంటారు. 2012లో ఈ ప్రాంతం జాతీయ ఉద్యానవనమైంది. వాటిలో ఒకటైన సూజితోన్‌కు వేసవి రద్దీ రోజుల్లో 2,500 మంది వరకు వచ్చేవారు. అన్ని పాదాల కింద మట్టి జారిపోయి పైన్ చెట్ల వేర్లు బయటపడడంతో, 2022 వేసవి నుంచి రద్దీ రోజుల్లో ముందుగా నమోదు చేసుకున్న 400 మందినే అనుమతిస్తున్నారు. నడిచివచ్చేవారికి ఇంత కట్టుబాటు ఉన్నప్పుడు, కాసీ రేవు నుంచి ఒకదాని వెనుక ఒకటిగా బయలుదేరే పడవల్లోని ప్రయాణికులనూ అలాగే లెక్కకట్టాలని నా వాదన. మొన్న జూన్‌లో నేను గంటన్నర నడిచి, నున్నగా అరిగిన రాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ ఆన్-వో అనే మరో కలాంక్ తీరానికి దిగాను. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నానో లేదో పడవ వచ్చింది. దాని ఇంజను చప్పుడు రెండు రాతిగోడల మధ్య మార్మోగింది. అది వెళ్లిన కాసేపటికే మరొకటి వచ్చింది.

గోదారి గట్టు:
మీ బాధ నాకు అర్థమైంది గాని, పోలిక మాత్రం కుదరలేదండీ. సూజితోన్‌లో పరిమితి పెట్టింది నేల కోతను ఆపడానికి. కాసీ నుంచి వెళ్లే పడవలో కూర్చున్నవాడు ఆ నేల మీద అడుగే పెట్టడు. నీటి అడుగున అసలు ప్రమాదం లంగరు వల్ల వస్తుంది. పోసిడోనియా అనే సముద్రపు గడ్డి అక్కడ పచ్చిక బయళ్లలా పరచుకుని ఉంటుంది. అది నాచు కాదు, పూలు పూసే మొక్క. ఇసుకను పట్టి ఉంచుతుంది, చేపపిల్లలకు నీడనిస్తుంది. ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పాకుతుంది కనుక, ఒక లంగరు పెరికిన చోటు మళ్లీ నిండాలంటే దశాబ్దాలు పడుతుంది. కాసీ విహార పడవలు లంగరు వేయవు. పాయలోకి వెళ్లి, అక్కడే తిరిగి, బయటికి వచ్చేస్తాయి. ఈత కోసం గంటల తరబడి ఆగేవి సొంత పడవలు, అద్దె పడవలు. కట్టడి అక్కడ మొదలుకావాలి.

ఇక నా సొంత సంగతి. మా అమ్మకు 68 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నిరుడు మే నెలలో నా దగ్గరికి వచ్చినప్పుడు, మూడు కలాంక్‌లు చూపే 45 నిమిషాల చుట్టుకు తీసుకెళ్లాను. రేవులో పడవవాడు మోచేయి పట్టుకుని ఎక్కించాడు. ఆన్-వో లోపల పడవ దాదాపు నిలిచిపోయి, ఉన్నచోటే మెల్లగా తిరుగుతున్నప్పుడు, అమ్మ రాతి చీలికలోంచి అడ్డంగా పెరిగిన పైన్ చెట్టును చూసి, "చారెడు మట్టి లేదు, దీనికి నీళ్లెవరు పోస్తున్నార్రా?" అని అడిగింది. మీరు దిగిన రాళ్ల మీదుగా ఆమె ఏనాటికీ దిగలేదు. పైగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు కార్చిచ్చు భయం ఎక్కువగా ఉన్న రోజుల్లో కొండదారులు మూసేస్తారు. ఆ రోజుల్లో కలాంక్‌లను చూడడానికి సముద్రమే దారి.

రేవువాసి:
నేను మార్సెయ్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. గోదారి గట్టు గారి చివరి మాటకు ఒక చిన్న సవరణ. కార్చిచ్చు భయాన్ని పెంచేది చాలాసార్లు మిస్త్రాల్ అనే వాయవ్యపు గాలి. అది గట్టిగా వీచిన రోజున పడవలూ రేవు దాటవు. కాబట్టి దారులు మూసిన ప్రతిరోజూ పడవ ఉంటుందని అనుకోలేము.

ఇంజను చప్పుడు మాత్రం తీసిపారేయదగిన విషయం కాదు. ఈ తీరం ఇప్పటికే చాలా భరించింది. గార్దాన్ పట్టణంలో అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకు) తయారుచేసే కర్మాగారపు వ్యర్థమైన ఎర్ర బురదను 1966 నుంచి 2015 చివరి వరకు గొట్టం గుండా కాసీ ఎదుటి సముద్రగర్భ లోయలోకి వదిలారు. ఎవరి కంటికీ కనబడలేదు కనుకనే అన్నేళ్లు సాగింది. నీటి కింద శబ్దమూ కనబడదు. నా ఉద్దేశంలో లెక్కపెట్టవలసింది తలలను కాదు, డీజిల్ ఇంజన్లను. పాయలోకి ప్రవేశించగానే బ్యాటరీకి మారే పడవలకే లోపలికి అనుమతి ఇస్తే, అమ్మగారి చెట్టూ దక్కుతుంది, ఒడ్డున కూర్చున్నవారి ప్రశాంతతా దక్కుతుంది.

కాలిబాట:
గోదారి గట్టు గారూ, లంగరు విషయం నేను ఆలోచించలేదు. ప్రయాణికుల తలలు లెక్కపెట్టాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. బ్యాటరీ పడవల ప్రతిపాదన కూడా నాకు సమ్మతమే, కానీ ఉన్న పడవలన్నీ మారడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు ఆన్-వో లాంటి ఇరుకు పాయలో ఒక పడవ బయటికి వచ్చాకే మరొకటి లోపలికి వెళ్లాలని, రెంటికీ నడుమ కనీసం అరగంట ఎడం ఉండాలని కోరడం తప్పా? అరగంట ఆగితే మీ అమ్మగారి ప్రయాణం రద్దుకాదు కదా.