న్యాయనిర్ణేతే పోటీలోని చిత్రానికి సలహాదారు: ఎవరిని, ఎలా అడగాలి?

తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని పల్నాడు మిర్చి రైతు ఇంట్లో జరిగినట్టు చూపిస్తూ మేము తీసిన 22 నిమిషాల తెలుగు లఘుచిత్రాన్ని, మార్చి 3న, అమెరికాలో జరిగే ఒక స్వతంత్ర క్రైస్తవ చలనచిత్రోత్సవానికి ఉత్సవాలకు చిత్రాలు పంపే వెబ్‌సైట్ ఫిల్మ్‌ఫ్రీవే ద్వారా 45 డాలర్ల రుసుము కట్టి పంపాము. మా ఖర్చు మొత్తం 2 లక్షల 10 వేల రూపాయలు. అదే విభాగంలో ఒక పెద్ద సంఘం భారీ ఖర్చుతో తీయించిన చిత్రం కూడా ఉంది. ఆ తేడాపై మాకు ఫిర్యాదు లేదు. 40 నిమిషాల లోపు చిత్రాలన్నిటికీ ఒకే విభాగమని నియమావళిలో ముందే చదివాము. అయితే ఆ చిత్రం ట్రైలర్ చివర నిర్మాణ సలహాదారుగా కనిపించిన పేరే మా విభాగపు ముగ్గురు న్యాయనిర్ణేతల జాబితాలోనూ ఉంది. ట్రైలర్‌ను ఆపి ఆపి చూసి, ఇద్దరూ ఒకరేనని ఉత్సవం వారి పరిచయ పేజీతో సరిచూసుకున్నాము.

దీని గురించి ఏప్రిల్ 10న నిర్వాహకులకు రాసిన ఈమెయిల్‌కు జవాబు రాలేదు. 21న మళ్ళీ రాస్తే, న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయమని ఒక్క వాక్యం వచ్చింది. నియమావళిలో ఇటువంటి సంబంధాల ప్రస్తావనే లేదు. పక్షపాతం పాపమని యాకోబు పత్రికలో చదువుకునే సహోదరుల మధ్య ఇలా జరగడం మాకు ఎక్కువ బాధ కలిగిస్తోంది. రుసుము తిరిగి అడగడం గానీ, ఎవరినీ బహిరంగంగా నిందించడం గానీ మా ఉద్దేశం కాదు.

ఫలితాలు మే 18న వెలువడతాయి. ఈలోగా ఆ ఒక్క న్యాయనిర్ణేతను మా విభాగం వరకు పక్కన ఉంచేలా నిర్వాహకులను ఒప్పించడానికి, ఇటువంటి పరిస్థితిని ఎదుర్కొన్నవారు ఎవరికి, ఏమని రాశారు?