కాకతీయ మోడ్‌లో జంగముల బలం ఎక్కడ తగ్గించాలి?

ఓరుగల్లు వాసి:

అందరికీ నమస్కారం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే కంప్యూటర్ యుద్ధ ఆటకు కాకతీయుల రాజ్యాన్ని ఒక మోడ్‌గా (ఆటగాళ్లు సొంతంగా చేర్చుకునే మార్పుగా) తయారు చేస్తున్నాను. కోటలు, కాల్బలం, ఏనుగులు బాగానే కుదిరాయి. చిక్కంతా మఠంలో తయారయ్యే యూనిట్‌తోనే. దూరం నుంచే శత్రు సైనికులను తన వైపు తిప్పుకునే మాంక్ (సన్యాసి) యూనిట్‌ను కాపీ చేసి, దానికి 'జంగమ' అని పేరు పెట్టాను. ధర 80 బంగారం, హెచ్‌పీ (ప్రాణబలం) 60, రేంజ్ (ఎంత దూరం నుంచి పనిచేస్తుందో) 11 గడులు, వేగం 0.9 ఇచ్చాను. వారాంతాల్లో స్నేహితులతో ఆడి చూస్తే ఆట మూడో దశ అయిన కాజిల్ ఏజ్‌లోనే ఆట ముగిసిపోతోంది. ఎదుటివాళ్లు ఏనుగులు తెచ్చినా, నైట్లను (కవచం తొడిగిన రౌతులను) తెచ్చినా అన్నీ జంగముల వైపు వచ్చేస్తున్నాయి. పోనీ అని ధర 150కి పెంచి, రేంజ్ 7కు దించాను. ఇప్పుడు వాటిని ఎవరూ తయారు చేయడమే లేదు. రెండింటికీ మధ్య ఏ అంకె పెట్టాలో చెప్పగలరా?

లెక్కల మేష్టారు:

ధర దగ్గర మొదలుపెట్టకండి. మాంక్ లాంటి యూనిట్ బలం సెకన్లలో ఉంటుంది. శత్రువు దాని దగ్గరికి చేరడానికి ఎంతసేపు పడుతుంది, అది శత్రువును తిప్పుకోవడానికి ఎంతసేపు పడుతుంది అన్న రెండు కాలాల మధ్య పందెం అది. అసలు ఆటలో తిప్పుకోవడానికి సుమారు 4 నుంచి 10 సెకన్లు పడుతుంది. నాలుగు సెకన్ల లోపు ఏమీ జరగదు. ఆ తర్వాత అదృష్టం మొదలవుతుంది, పదో సెకను దగ్గర పడేసరికి యూనిట్ మారిపోతుంది.

ఇప్పుడు దూరాన్ని వేగంతో భాగించి చూడండి. నైట్ వేగం సెకనుకు 1.35 గడులు. మాంక్ రేంజ్ 9 కాబట్టి నైట్ అక్కడికి చేరడానికి దాదాపు 6.7 సెకన్లు పడుతుంది. అంటే నైట్ బతికి వెళ్లి కత్తి ఎత్తే అవకాశం ఉంది, దారిలోనే పక్షం మారిపోయే అవకాశమూ ఉంది. ఇద్దరు ఆటగాళ్లకూ గుండె దడదడలాడే ఆ రెండు మూడు సెకన్లే ఈ యూనిట్‌కు ప్రాణం. మీరు రేంజ్ 11 చేయగానే ఆ ప్రయాణం 8 సెకన్లు దాటింది. బ్యాటిల్ ఎలిఫెంట్ సంగతి ఇంకా ఘోరం. దాని వేగం 0.85. తొమ్మిది గడులకే దానికి 10.6 సెకన్లు కావాలి, పదకొండుకు దాదాపు 13. పదో సెకనుకే మారిపోయే ఏనుగు పదమూడో సెకనుకు చేరేదెక్కడ? మీ స్నేహితులు ఎంత బాగా ఆడినా గెలవని పందెం అది.

మీరు చూడని మరో విషయం ఉంది. చివరి దశ అయిన ఇంపీరియల్ ఏజ్‌లో బ్లాక్ ప్రింటింగ్ పరిశోధన రేంజ్‌ను 3 పెంచుతుంది. మీ యూనిట్‌కు మాంక్ తరగతే ఉంచి ఉంటే, ఆ తరగతికి వర్తించే పరిశోధనలన్నీ దీనికీ వర్తిస్తాయి. అప్పుడు రేంజ్ 14. నైట్‌కు కూడా 10.4 సెకన్లు. ఇక ఎదుటి నైట్లకు దారి మూసుకుపోయినట్టే.

ఓరుగల్లు వాసి:

అమ్మో, పరిశోధనలు కలిసి రావడం నేను అస్సలు గమనించలేదు. మరి రేంజ్ 7 చేస్తే ఎందుకు పనికిరాకుండా పోయింది మేష్టారూ? ధర వల్లేనా?

లెక్కల మేష్టారు:

ధర కొంత, రేంజ్ ఎక్కువ. ఏడు గడులంటే నైట్ 5.2 సెకన్లలో చేరుతుంది. అదృష్టం మొదలైన సెకనుకే కత్తి మెడమీద ఉంటుంది. పైగా 150 బంగారం. ఒకేసారి రెండు వైపుల నుంచీ నొక్కారు.

నా సలహా ఇది. రేంజ్ 8, ధర 100, హెచ్‌పీ 30, వేగం 0.7 పెట్టండి. అంటే ఒక్క రేంజ్ తప్ప మిగతావన్నీ అసలు మాంక్ విలువలే. బ్లాక్ ప్రింటింగ్‌ను ఈ రాజ్యానికి మూసేయండి. ఎనిమిది గడులకు నైట్ 5.9 సెకన్లు, ఏనుగు 9.4 సెకన్లు. ఏనుగుకు అవకాశం చాలా తక్కువే, కానీ సున్నా కాదు. గుంపుగా వస్తే ఒకటో రెండో చేరతాయి.

హెచ్‌పీ గురించి పట్టుబట్టి చెబుతున్నాను. మాంకులకు అసలైన విరుగుడు లైట్ కేవల్రీ (తేలికపాటి గుర్రపు దళం). వేగం ఎక్కువ, బంగారం ఖర్చు లేదు, తిప్పుకోవడానికి అంత సులభంగా లొంగదు, మాంకుల మీద అదనపు దెబ్బ కూడా ఉంది. 30 హెచ్‌పీ మాంక్ దాని రెండు దెబ్బలకు పడిపోతుంది. శాంక్టిటీ పరిశోధనతో 45 అయితే మూడు దెబ్బలు. మీరు మొదట్లోనే 60 ఇచ్చారు కాబట్టి నాలుగు దెబ్బలు కావాలి. ఆ అదనపు దెబ్బలు పడేలోగా పక్కనున్న రెండో జంగమ ఆ గుర్రాన్ని కూడా తిప్పేసుకుంటాడు. విరుగుడు పనిచేయకపోతే ఆటగాడికి ఇంకేం మిగలదు, ఆట వదిలేసి వెళ్లిపోతాడు.

ఇక ధర 80 ఎందుకు వద్దంటున్నానంటే, మైదానంలో దొరికే రెలిక్ (పవిత్ర వస్తువు)లను మాంకులు మోసుకొచ్చి మఠంలో పెడితే ఒక్కోటి నిమిషానికి 30 బంగారం ఇస్తుంది. మూడు దొరికితే 90. అంటే గనిలో ఒక్క కూలీ లేకపోయినా నిమిషానికొక జంగమ ఉచితం.

శాసనాల పిచ్చి:

లెక్కలు బాగున్నాయి. కానీ ఓరుగల్లు వాసి గారూ, నాకు మొదటి మెట్టు దగ్గరే అభ్యంతరం ఉంది. కాకతీయుల మఠం అంటే శత్రు సైనికులను తిప్పుకునే చోటు అని ఎందుకు అనుకోవాలి? రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) చూడండి. గోళకీ మఠమనే శైవ మఠానికి చెందిన, కాకతీయుల రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుల ధర్మసంస్థల గురించి అందులో ఉంది. ఇప్పటి అమరావతి ప్రాంతంలోని మందడం ఆయనకు దానంగా వచ్చింది. ఆ ఆదాయంతో నడిచినవి ఏమిటంటే గుడి, మఠం, అన్నసత్రం, చదువు చెప్పే గురువులు, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. ప్రసూతిశాల అన్న మాట శాసనంలో చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇంత గొప్ప ఆధారం చేతిలో ఉండగా, యూరప్ మాంక్‌కు విభూతి పూసి దించడం న్యాయం కాదు.

ఇంకొకటి. గోళకీ మఠం ఆచార్యులు వేరు, జంగములు వేరు. ఇద్దరూ శైవులే అయినా సంప్రదాయాలు ఒకటి కావు. రాజగురువుల మఠాన్ని చూపిస్తూ యూనిట్‌కు జంగమ అని పేరు పెడితే తెలిసినవాళ్లు నొచ్చుకుంటారు. 'శివాచార్య' అనండి, సరిపోతుంది.

ఓరుగల్లు వాసి:

పేరు ఇవాళే మారుస్తాను, ధన్యవాదాలు. వైద్యం మాత్రమే చేసే యూనిట్ అంటే నాకు ఇష్టమే. కానీ తిప్పుకోవడం తీసేస్తే శత్రువు ఏనుగులకు నా రాజ్యం దగ్గర జవాబు ఏముంటుంది? ఆ యూనిట్‌ను ఎవరైనా తయారు చేస్తారా?

శాసనాల పిచ్చి:

ఏనుగులకు ఈటెలవాళ్లు ఉన్నారు కదా. పైక్‌మెన్ పని అదే. వైద్యుణ్ని జనం తయారు చేస్తారా అంటే, ఆటలోనే ఉదాహరణ ఉంది. 2023లో ఈ ఆటకు అదనపు భాగంగా వచ్చిన మౌంటెన్ రాయల్స్‌లో వారియర్ ప్రీస్ట్ అనే యూనిట్ ఎవరినీ తిప్పుకోలేడు. పోరాడతాడు, గాయాలు మాన్పుతాడు, రెలిక్ మోస్తాడు. అంటే ఆట తయారు చేసినవాళ్లు కూడా మతానికి సంబంధించిన యూనిట్ అంటే తిప్పుకునేదే అయి ఉండాలని అనుకోలేదు.

లెక్కల మేష్టారు:

ఈ దారి నాకూ నచ్చింది. నా అంకెలను పక్కన పెట్టేయవచ్చు. చేయడం కూడా తేలికే. ఆట డేటా ఫైల్‌ను మార్చే అడ్వాన్స్‌డ్ జీనీ ఎడిటర్‌లో ఆ యూనిట్ పనుల జాబితా తెరవండి. 104 తిప్పుకోవడం, 105 వైద్యం. 104ను తీసేసి 105ను ఉంచండి. రెలిక్ మోసే పనిని మాత్రం తీయకండి, లేకపోతే కాకతీయులకు ఆ బంగారమే ఉండదు. తిప్పుకోవడం పోయింది కాబట్టి హెచ్‌పీ 45, వేగం 0.9 ఇచ్చినా భయం లేదు, ధర 60కి దించవచ్చు. వైద్యం వేగాన్ని మాత్రం మొదట ముట్టుకోకండి. అసలు విలువతో ఆడి చూశాకే పెంచండి. వైద్యం మరీ వేగమైతే మీ ఏనుగులు చావవు, అప్పుడు పాత గొడవే కొత్త రూపంలో వస్తుంది.

తిప్పుకోవడానికి మాత్రమే పనికొచ్చే పరిశోధనలు, అంటే రిడెంప్షన్, అటోన్‌మెంట్, థియోక్రసీ, ఈ రాజ్యానికి మూసేయండి. ఉంచితే కొత్త ఆటగాడు రిడెంప్షన్ మీద 475 బంగారం పోసి, ఏమీ జరగక తెల్లబోతాడు.

ఓరుగల్లు వాసి:

సరే, అలాగే చేస్తాను. పరీక్షించడం ఎలా? ప్రతిసారీ పూర్తి ఆట ఆడాలంటే స్నేహితులు దొరకడం లేదు.

లెక్కల మేష్టారు:

పూర్తి ఆట అక్కర్లేదు. సినారియో ఎడిటర్‌లో ఖాళీ మైదానం తీసుకోండి. ఒక వైపు పది ఏనుగులు, నలుగురు శివాచార్యులు. మరో వైపు అంతే విలువ చేసే నైట్లు. తర్వాత అదే మైదానంలో నైట్ల బదులు పైక్‌మెన్, ఆ తర్వాత లైట్ కేవల్రీ పెట్టండి. ఒక్కో జతను ఒకటికి నాలుగుసార్లు ఆడించి, చివరికి ఎవరు ఎంతమంది మిగిలారో రాసుకోండి. ఒకసారికి ఒక్క అంకె మాత్రమే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

స్నేహితులతో ఆడే ముందు అందరి దగ్గరా మోడ్ ఒకే వెర్షన్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆట మధ్యలో తెగిపోతుంది. ఆటకు కొత్త ప్యాచ్ వచ్చినప్పుడు పాత డేటా ఫైల్‌నే వాడకండి. కొత్త ఫైల్ తెరిచి అందులో మీ మార్పులు మళ్లీ చేయాలి. అందుకే మార్చిన ప్రతి విలువనూ పాతది, కొత్తది పక్కపక్కన ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఓరుగల్లు వాసి:

జతలన్నీ ఇప్పుడే ఆడించాను. నైట్లు ఎదురైతే వైద్యం అసలు వేగంతోనే ఏనుగులు గెలుస్తున్నాయి, కానీ సగానికి పైగా పోతున్నాయి. పైక్‌మెన్ ఎదురైతే ఓడిపోతున్నాయి. లైట్ కేవల్రీ పక్కనుంచి వచ్చి శివాచార్యులను ముందు కొట్టేస్తే నైట్లకు కూడా ఊపిరి దొరుకుతోంది. ధర 60 దగ్గరే ఉంచి శనివారం అందరితో ఆడతాం.

శాసనాల పిచ్చి:

యూనిట్ బొమ్మకు చేతిలో త్రిశూలం పెట్టకండి. తాళపత్రాలో, మందుల సంచో ఇవ్వండి. ఆట మొదలయ్యే ముందు వచ్చే పరిచయంలో మందడం పేరు ఒక్క వాక్యంలోనైనా రాయండి. ఆ శాసనం పాఠం మీకు కావాలంటే పంపిస్తాను.