సీమ గుట్టల్లో జెముళ్లు చూడాలంటే ఎప్పుడు, ఎటు వెళ్లాలి?

గుట్టదారి
గుత్తి, పెనుకొండ, రాయదుర్గం చుట్టూ ఉన్న బండరాళ్ల గుట్టల్నీ, వాటి సందుల్లో పెరిగే జెముళ్లనీ ఫొటోలు తీద్దామనుకుంటున్నా. నాగజెముడు ఎప్పుడు పూస్తుంది? వెలుగు ఏ వేళ బాగుంటుంది? దారి ఎటు నుంచి సుఖం? ఒక ఆకు తెచ్చి హైదరాబాద్‌లో కుండీలో పెడితే బతుకుతుందా? ఇంకో సంగతి. గుత్తి దగ్గరి ఫొటో ఒకటి పెడుతున్నా, ఆకుల మీద తెల్లగా దూదిలా ఉంది చూడండి. తెగులా? ఏ మందు కొట్టాలి?

పెన్న_ఒడ్డు
పూలూ గుట్టా రెండూ ఒక్క ప్రయాణంలో కుదరవప్పా. నాగజెముడు పూసేది ఎండలు ముదిరేటప్పుడు, మార్చి నుంచి మే దాకా. అప్పుడు గుట్టంతా బూడిదరంగు, ఆకాశం నిండా దుమ్ము, నీళ్లు లేక ఆకులు ముడతలు పడుంటాయి. గుట్ట అందం కావాలంటే అక్టోబరులో రండి. పడమటి కనుమలు దాటేసరికే నైరుతి మేఘాలు ఖాళీ అయిపోతాయి, అందుకే మనకు గట్టి వాన సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. అప్పుడు రాతి సందుల్లో గడ్డి లేస్తుంది, జెముడు ఆకులు ఉబ్బి నున్నగా అవుతాయి.

వెలుగంటే పొద్దు పొడిచాక ఒక గంట, గుంకే ముందు ఒక గంట, అంతే. సూర్యుణ్ణి మీ వీపు వెనక పెట్టుకోవద్దు, చెట్టు వెనక పెట్టండి. ముళ్ల అంచులు వెలిగేది అప్పుడే. కెమెరా మోకాలి ఎత్తుకు దించి, ముళ్ల వెనక నీడలో ఉన్న బండ వచ్చేట్టు చూసుకోండి. ఆకాశం వచ్చిందా, ముళ్లు మాయం. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి. పదకొండు దాటాక గ్రానైట్ తెల్లబారి పోతుంది, ఇక సంచి సర్దుకోవచ్చు.

ఎర్రపురుగు
మందు అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నా, మిగతావి మీరు మాట్లాడుకోండి. అది తెగులు కాదు, కోచినీల్ పురుగు. పుల్లతో ఒక దూది ముద్దని నలపండి. చిక్కటి ఎరుపు కారితే కోచినీల్, లేకపోతే మామూలు పిండినల్లి. ఆ దూది ఆడపురుగు తన మీద కప్పుకున్న మైనం. ఆడది ఒకచోట నోరు దింపిందంటే ఇక కదలదు. పిల్లపురుగులు గాలికి కొట్టుకుపోయి పక్క పొద ఎక్కుతాయి. గుట్ట మీద దాన్ని ముట్టుకోవద్దు. 1926లో శ్రీలంక నుంచి పనిగట్టుకుని తెచ్చి మన నాగజెముడు మీద వదిలింది దాన్నే.

తోటమాలి_బోయిన్‌పల్లి
గింత లొల్లి ఎందుకన్నా? లీటరు నీళ్లల్ల 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి పొద్దుమూకినంక కొడితే పోతది. చెట్టు సస్తుంటే చూస్కుంట కూసోవాల్నా?

ఎర్రపురుగు
కుండీ లెక్క గుట్టకు పనికిరాదు. అసలు కుండీలో కూడా మీరు చెప్పిన వరస తప్పు. మైనం మీద మందు జారిపోతుంది. ముందు పైపు నీళ్లు ధాటిగా కొట్టి దూది ఊడగొట్టాలి, ఆ తర్వాతే సబ్బు నీళ్లు ఒంటికి తగులుతాయి. పెద్ద వాన పడితే గుట్టమీద జరిగేది కూడా ఇదే. వర్షాకాలంలో పురుగు తగ్గి, ఎండాకాలంలో మళ్లీ పెరుగుతుంది. ఇక చెట్టు చావడం గురించి. మెక్సికో, కరీబియన్ వైపు మొక్క ఇక్కడ పొలాలూ బీళ్లూ ఆక్రమించి మనిషి నడవడానికి సందు లేకుండా చేస్తే, దాన్ని అదుపులో పెట్టింది ఆ పురుగే. జీతం లేకుండా పనిచేసేదాని మీద మందు కొడతానంటే ఏమనాలి?

కంపెనీ_కాలం
1926 కాదండీ. కోచినీల్ బెంగాలుకు వచ్చింది 1795లో, రియో డి జనీరో నుంచి ఓడలో. ఎర్ర రంగు వ్యాపారంలో స్పెయిన్ గుత్తాధిపత్యం పడగొట్టాలని ఈస్టిండియా కంపెనీ తెప్పించింది. మద్రాసులో కంపెనీ డాక్టరు జేమ్స్ ఆండర్సన్ ఈ పురుగుల్ని పెంచడానికి జెముడు తోటే వేయించాడు. తారీకులు చూసుకుని రాస్తే బాగుంటుంది.

ఎర్రపురుగు
తారీకులు తెలుసు, మీకు పురుగులు తెలియవు. 1795లో వచ్చింది వేరే జాతి. అసలైన రంగు పురుగు అనుకుని తెచ్చారు, తీరా చూస్తే నాసిరకం రంగు. అది తినేది ఒపన్షియా మొనకాంథాని ఒక్కదాన్నే. ఉత్తరాదిలో ఆ జెముణ్ణి దాదాపు తుడిచిపెట్టేసింది. అది చూసి 1836-38లో దక్షిణాదికి తెచ్చి వదిలారు, ఇక్కడా పని చేసింది. కలుపు మొక్క మీద కావాలని పురుగుని వదలడంలో ప్రపంచంలోనే మొదటి ఉదాహరణగా దీన్నే చెబుతారు. కానీ మన గట్ల మీది పసుపు పూల నాగజెముడు ఒపన్షియా డిల్లెనీ. దాని జోలికి ఆ పురుగు పోలేదు. దానికి మందు 1926లో వచ్చిన రెండో పురుగు, డాక్టిలోపియస్ ఒపన్షియే. రెండూ దూదిలాగే ఉంటాయి, రెండూ ఎర్రగానే కారుతాయి. ఫొటో చూసి తేల్చేవాళ్లు ఉంటే ఇక్కడ చేతులెత్తండి.

కంపెనీ_కాలం
రెండు పురుగులన్న సంగతి ముందే రాసి ఉంటే సరిపోయేది. పాఠం చెప్పే గొంతు అక్కర్లేదు.

మేత_లెక్క
మీ ఇద్దరికీ ఆ పురుగు ముద్దొస్తోంది. ముళ్లులేని జెముడు పశువుల మేతకు వేసేవాళ్ల పరిస్థితి ఆలోచించారా? బ్రెజిల్ ఈశాన్యంలో, పెర్నాంబుకోలో, ఇదే పురుగు మేత తోటల్ని ఊడ్చిపెట్టింది. మొరాకోలో 2014 నుంచి అదే కథ. గుట్టమీద వదిలేయండి అనడం తేలికే, గట్టు కింద పొలం ఉంటుంది.

వెయ్యాలనుకునేవాళ్లకు పద్ధతి రాస్తున్నా. ముదురు ఆకు కోసి నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టాలి, కోత దగ్గర చర్మం గట్టిపడాలి. పచ్చిగా నాటితే కుళ్లుతుంది, సగం తోటలు అక్కడే పోతాయి. బోదె ఎత్తుగా వేసి, ఆకులో మూడో వంతు మట్టిలోకి దించాలి. వెడల్పు ముఖాలు తూర్పు పడమరలకు ఉండాలి, మధ్యాహ్నపు ఎండ అంచుకే తగులుతుంది. కోసేటప్పుడు తల్లి ఆకునీ, దాని మీద మొదటి వరసనీ ఉంచాలి. దానిలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే, అదొక్కటే మేపితే పశువు పారుకుంటుంది. వేరుశనగ కట్టెగానీ చొప్పగానీ కలపాల్సిందే.

తోటమాలి_బోయిన్‌పల్లి
ముళ్లులేని దానికి ముళ్లుండవని చేత్తో పట్టకున్రి. నూగు ముళ్లు ఉంటయ్.

బీడు_కాదది
ఎవరూ అసలు సంగతి ఎత్తరేం? నాగజెముడు మనది కాదు, ఆ మాటకొస్తే కాక్టస్ కుటుంబమే దాదాపు మొత్తం అమెరికా ఖండాలది. సీమ గుట్ట ఫొటో తీస్తానని వచ్చి పరాయి కలుపు తీసుకుపోతారా? మన రాళ్ల మీద పుట్టి పెరిగింది బొంతజెముడు. మూడు నుంచి ఐదు పలకల కాండం, జంట ముళ్లు, గిల్లితే పాలు. మన గుట్టల మీది జెముడుకు పాలు కారిందంటే అది కాక్టస్ కాదు, యుఫోర్బియా. ఇంకా కావాలంటే వానలయ్యాక రాళ్ల పక్కన కుండేటి కొమ్ములు వెతకండి, వేలెడు లావు కాడలు. సన్నబడే మందులకని దీని జాతి మొక్కల్ని పీక్కుపోతున్నారు. ఫొటో పెట్టినా చోటు పేరు పెట్టకండి.

బొంతజెముడు కాడ మాత్రం విరవొద్దు. పాలు కంట్లో పడితే కంటిపాప ముందు పొర దెబ్బతింటుంది, వెంటనే పావుగంటైనా ధారగా నీళ్లు పోసి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంకోటి. సీమ పచ్చిక నేల "బీడు" కాదు. రోళ్లపాడు పచ్చికలో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టింది అక్కడ చెట్లు లేవనే. ఖాళీగా ఉందని గుంతలు తవ్వి మొక్కలు నాటేవాళ్లూ, సర్కారు తుమ్మ చల్లినవాళ్లూ చేసిన నష్టం ముందు జెముడు ఏపాటి!

టూసాన్_వాసి
జెముడు అందం చూడాలంటే అరిజోనా రండి. ఇక్కడి సగువారో అనే కాక్టస్ 40 అడుగులు దాటుతుంది, పక్క కొమ్మ వేయడానికే సుమారు 50 నుంచి 75 ఏళ్లు, మొదటి పువ్వుకు 35. పువ్వు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, గబ్బిలాలు వాలేది రాత్రిపూటే. వాన మాత్రం అనంతపురంలో పడేదానిలో దాదాపు సగమే, 300 మి.మీ. లోపు. నర్సరీ నుంచి కాకుండా ఎడారిలోంచి అనుమతి లేకుండా ఒకటి తవ్వి తెచ్చుకుంటే కేసు పెడతారు, జరిమానా వేస్తారు.

పెన్న_ఒడ్డు
సీమ గురించి అడిగితే సగువారో ఎందుకు సామీ? మాకు 550 మి.మీ. పడినా గట్టి వాన రెండు నెలల్లోనే పడిపోతుంది.

టూసాన్_వాసి
అదే చెప్పబోతున్నా. ఇక్కడ చలికాలంలో ఒకసారి, జులై నుంచి సెప్టెంబరు దాకా ఒకసారి పడుతుంది. మడతల కాండం రెండుసార్లు నింపుకుంటుంది. రాత్రి చల్లబడాలి కూడా. కాక్టస్ పగలు రంధ్రాలు మూసుకుని రాత్రే గాలి పీలుస్తుంది. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో రాత్రుళ్లూ వేడి దిగకపోయేసరికి నిలువెత్తు సగువారోలు కూలాయి. ఇక సగువారో పిల్లమొక్క ఎండలో బతకదు, మెస్కీట్ చెట్టు నీడలో పెరుగుతుంది. మీరు తిట్టే సర్కారు తుమ్మకు అది దాయాదే.

బీడు_కాదది
అక్కడ పిల్లమొక్కకు నీడనిచ్చే దాది అయితే ఇక్కడా దాది అవుతుందా? ఇక్కడ దాని కింద గడ్డి పరక మొలవదు. ఈ పోలిక తెచ్చి సర్కారు తుమ్మను వెనకేసుకు రావద్దు.

టూసాన్_వాసి
ఎవరూ వెనకేసుకు రాలేదు. పూర్తిగా చదివి కోప్పడండి.

నిర్వాహకుడు
గొంతులు తగ్గించండి. చెట్ల మీద కోపం మనుషుల మీదికి రానివ్వొద్దు.

అంటుకత్తి
కుండీ ప్రశ్న గాలికి వదిలేశారు, హైదరాబాద్‌లో జెముళ్లకు అంటు కట్టేవాణ్ణి అడగాల్సింది అది. ఆకు కాగితంలో చుట్టి నీడలో పది రోజులు ఆరబెట్టండి. రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఆకు ఎరువు. సన్న ఇసుక వద్దు, తడిస్తే సిమెంటులా బిగుస్తుంది. అడుగున చిల్లున్న మట్టి కుండీ. నాటాక వారం దాకా నీళ్లు వద్దు. జులై, ఆగస్టుల్లో చూరు కిందికి జరపండి. ఎండాకాలం చంపని జెముణ్ణి ఆ రెండు నెలల తేమే చంపుతుంది. పురుగున్న ఆకు మాత్రం తేవద్దు.

నూగు ముళ్లు గుచ్చుకుంటే రుద్దవద్దు, విరిగి లోపలే ఉండిపోతాయి. గుత్తులుగా ఉన్నవి చిమటాతో తీసి, మిగిలిన వాటి మీద పల్చగా జిగురు రాసి గాజుగుడ్డ అంటించి, ఎండాక లాగెయ్యాలి.

తోటమాలి_బోయిన్‌పల్లి
అన్నా, నర్సరీల దొరికే ఎర్ర బంతి జెముడు రెండేండ్లకే ఎందుకు పోతుంది?

అంటుకత్తి
ఆ ఎర్ర బంతికి పచ్చదనం లేదు, తన తిండి తాను వండుకోలేదు. కింద ఉన్న మూడు పలకల కాడ డ్రాగన్ ఫ్రూట్‌ది, అదే పోషిస్తుంది. కాడ ముసలిదై కుళ్లితే పైది కూడా పోతుంది. కాడ మెత్తబడక ముందే బంతిని అడ్డంగా కోసి కొత్త కాడ మీద పెట్టాలి. కత్తి స్పిరిట్‌తో తుడవాలి. రెండు కోతల్లోనూ నడుమ వలయం కనిపిస్తుంది, అవి కొంతైనా ఒకదానిమీదొకటి పడకపోతే అంటు పట్టదు. గాలి బుడగ లేకుండా అదిమి, రబ్బరు బ్యాండ్లు కుండీ అడుగు దాకా వేసి, పది రోజులు నీడలో ఉంచండి. కోతకు నీళ్లు తగలకూడదు.

మేత_లెక్క
మా గోడు వినేవాళ్లే లేరు. పురుగుని తట్టుకునే రకం ఉందా లేదా?

ఎర్రపురుగు
ఉంది. బ్రెజిల్‌వాళ్లు తోటలు పోయాక ఏనుగు చెవి అని పిలిచే మెక్సికో రకానికీ, మియూదా అనే చిన్న ఆకు రకానికీ మారారు. మొదటిదానికి కొద్దిగా ముళ్లుంటాయి, మియూదాకు వాన కాస్త ఎక్కువ కావాలి. ఏది వేసినా ఆకులు గుట్టల మీంచి ఏరుకు రావద్దు. వారానికోసారి గాలి వచ్చే వైపు వరసలు చూడండి. దూది కనిపించిన ఆకుని అక్కడే సంచిలో వేసి కట్టి, తోట బయట గుంత తీసి పూడ్చండి. మోసుకుంటూ తోట మధ్యలోంచి పోవద్దు.