సమస్యాపూరణం: "మిరప యెరుగని రుద్రమ మిరప తినెను"

పోయిన వారం టీవీలో కాకతీయుల కాలం సినిమా ఒకటి చూస్తూ అమ్మా నేనూ ఒకేసారి "అదేంటి!" అనుకున్నాం. అంతఃపురం వంటిల్లు. దూలానికి ఎండుమిరప దండ వేలాడుతోంది. రోలు పక్కన చాటలో ఇంకో గుప్పెడు మిరపకాయలు.

రుద్రమదేవి గద్దెనెక్కింది 1262లో. మిరపకు పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబస్ అటు చేరింది 1492లో, పోర్చుగీసు ఓడలు కోళికోడుకు వచ్చింది 1498లో. రుద్రమ కాలానికి మన రాగిసంగటి ఉంది, పక్కన నంజుకునే ఊరిబిండి లేదు. అందులో పడే మిరపా చెనక్కాయా రెండూ తర్వాత సముద్రం దాటి వచ్చినవే.

అందుకే ఈ వారం ఈ సమస్య. ఛందస్సు తేటగీతి. చివరి పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. చారిత్రక నవలల మీద, సినిమాల మీద మీ మాట కూడా రాయండి.

పుత్తూరు తమ్ముడు:

ఓరుగల్లున విందని యొక్క రోజు
సెట్టు వేసిరి, పళ్ళెము చెంత నెఱ్ఱ
కాయ నుంచిరి, నటి దాని గఱచినపుడు
మిరప యెరుగని రుద్రమ మిరప తినెను

చంద్రగిరి అయ్యవారు: భేష్ నాయనా. ఓ–యొ, సె–చె, కా–గ, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొసగడం) కుదిరాయి. పద్యంలో "సెట్టు" ఏంటని కొందరు అడుగుతారు. సినిమావాళ్ళు వేసేది సెట్టే, వేరే మాట పెడితే బిగువు పోతుంది, ఉంచు. కరిచింది నటి, తిన్నట్టు కనిపించింది రుద్రమ. సమస్యలోని విరోధం అక్కడే విడిపోయింది.

తిరుచానూరు అక్క:

మనుమరాలికి మూడేండ్లు, మడిని జేరి
పండటంచును నోటిలో బట్టి కొఱికె
పేరు రుద్రమ యని మేము పిలుచు పాప
మిరప యెరుగని రుద్రమ మిరప తినెను

పలమనేరు సార్: అక్కా, పాప ఏడుపు వినిపించింది. మూడు పాదాల్లో ఇల్లూ పెరడూ కనిపించాయి. కాకపోతే "మడి" అనగానే మొదట వరిమడి గుర్తొస్తుంది. మిరపమడి అని తెలియడానికి నాలుగో పాదం దాకా ఆగాలి.

తిరుచానూరు అక్క: ఆగాలనే అలా రాశాను సార్. మొదట్లోనే మిరప అంటే "పండటంచును" అన్న మాటకు పని ఉండదు.

పలమనేరు సార్: నిజమే, ఒప్పుకున్నాను. ఇది నాది.

కారమన్నను మిరియమే కాకతీయ
కాలమందున, నవలలో చేతి తప్పు
రెండె యక్షరములు మారె రేయి వ్రాయ
మిరప యెరుగని రుద్రమ మిరప తినెను

"మిరియ" అని రాయబోయి "మిరప" అని రాశాడు రచయిత, అదీ నా ఊహ. తమిళం వినబడే మా వైపు మిరియాన్ని మిళగు అంటారు, మిరపకాయను మిళగాయ్ అంటారు. కొత్త కారం వచ్చి పాత కారం పేరు తీసుకుంది.

చంద్రగిరి అయ్యవారు: ఈ వారం ఊహల్లో ఇదే గొప్పది. కానీ రెండో పాదంలో యతి తప్పింది సార్. "కా"కు "చే" కుదరదు. "కాలమందున, నవలలో కలము జారి" అనండి. గణాలు చెడవు, యతి నిలుస్తుంది, అర్థం ఇంకా బాగుంటుంది.

పలమనేరు సార్: దండం అయ్యవారూ. అలాగే మార్చుకుంటాను.

చిత్తూరు అన్న: నేను మీ అందరికీ ఎదురు చెప్తున్నా.

వేషభాషలు తప్పని వెదక వలదు
కన్ను చెమరిన చాలదె కథను చూచి
తెరకు మాత్రమె చెల్లును, తీర్పు లేల
మిరప యెరుగని రుద్రమ మిరప తినెను

సినిమాకు వెళ్ళేది పళ్ళెంలో ఏముందో చూడ్డానికి కాదు. తండ్రి గణపతిదేవుడు రాజ్యం కూతురి చేతిలో పెట్టే సీనులో నేను ఏడ్చాను. మిరప దండ నాకు కనపడనేలేదు.

సమస్య ఇచ్చిన నా జవాబు: అన్నా, పద్యం నిక్షేపంగా ఉంది. ఆ సీనులో నేనూ ఏడ్చాను. కానీ "వెదక వలదు" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది.

రుద్రమ 1295 దాకా ఏలిందని ఒకప్పుడు చరిత్ర పుస్తకాల్లోనే ఉండేది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం బయటపడ్డాక ఆమె మరణం 1289 అని తేలింది. ఆ శాసనం దొరక్క ముందు నవల రాసినాయన 1295 అని రాస్తే తప్పు పట్టను. ఆయన చేతిలో ఉన్న ఆధారం అంతే. మిరప అలా కాదు. అది ఎప్పుడొచ్చిందో బడిపిల్లల పుస్తకంలోనే దొరుకుతుంది. ఒకసారి అడిగి ఉంటే చాలు, ఆ దండ తీసి మిరియాల మూట పెట్టేవాళ్ళు. ఖర్చు కూడా పెరగదు.

శాసనం మాట్లాడని చోట రచయిత ఎంతైనా ఊహించొచ్చు. రుద్రమను శాసనాలు "రుద్రదేవ మహారాజు" అని మగపేరుతో పిలిచాయి. ఆ పేరు వింటూ సభలో కూర్చున్న ఆమె మనసులో ఏముందో ఏ రాయీ చెప్పదు. నవలకు చోటు అక్కడుంది. అక్కడ కల్పన ఎంత పండితే నాకంత ఇష్టం. నీకూ నాకూ కన్నీళ్ళు తెప్పించింది అలాంటి చోటే కదన్నా. అంత బాగా తీసినవాళ్ళు వంటింటి వైపు కూడా ఒకసారి చూసి ఉంటే బాగుండేదని నా బాధ.

చిత్తూరు అన్న: ఆ 1289 సంగతి నాకు తెలీదు తమ్ముడూ. "వెదక వలదు" తీసేయను, అది నా అభిప్రాయం. కానీ మిరియాల మూట మాట మాత్రం నచ్చింది.

తిరుచానూరు అక్క: నాకు అయ్యవారు దిద్దిన పలమనేరు సార్ పద్యమే మొదటిది. తప్పు ఎలా జరుగుతుందో చూపించింది, ఎవరినీ తిట్టలేదు.

నా ఓటూ దానికే.

వచ్చే వారం సమస్య మన ఊరి పక్కదే. చంద్రగిరి రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. పాదం ఇది, మళ్ళీ తేటగీతే:

కలప లేనట్టి మేడలో కలప కాలె