రిటైనింగ్ వాల్‌కీ నదికీ మధ్య పార్కు: ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు?

బెజవాడ_గట్టు:
విజయవాడ కృష్ణలంకలో కృష్ణా వరదను ఆపే గోడ (రిటైనింగ్ వాల్) బయట, నది వైపున్న పార్కు జాగా అంతా 2024 సెప్టెంబరులో మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆ వరద 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 నాటి 11.10 లక్షల కంటే ఎక్కువ. ఇలాంటి చోట అహ్మదాబాద్‌లోని సబర్మతి తరహా ప్రొమెనేడ్ (నది ఒడ్డు నడకదారి) నిలుస్తుందా? టాయిలెట్లు, లైట్లు ఎక్కడ పెట్టాలి?

క్యూసెక్కు:
సబర్మతితో పోలిక కుదరదండి. అక్కడ నదిని 263 మీటర్ల వెడల్పుకు బిగించారు, డిజైన్ వరద (తట్టుకునేలా లెక్కగట్టిన వరద) 4.7 లక్షల క్యూసెక్కులే. నిండుగా కనిపించే నీళ్లు నర్మదా కాలువవి, దిగువన వాస్నా బ్యారేజీ వాటిని ఆపుతుంది. మన దగ్గర బ్యారేజీ దిగువన వేసవిలో ఇసుకే. పైగా మట్టి పోసి నేల లేపితే నదికి దారి తగ్గి, ఆ ఒత్తిడి సీతానగరం వైపు గట్టు మీద పడుతుంది. నేల మట్టం పెంచకూడదు. మునుగుతుందని ఒప్పుకునే డిజైన్ చేయాలి.

సైట్_ఇంజనీర్:
టాయిలెట్లు, టికెట్ గది, కరెంటు ప్యానెల్ గోడకు ఊరి వైపునే. బయట సెప్టిక్ ట్యాంకు అసలొద్దు; ఖాళీ ట్యాంకును నేలలో ఊరిన నీరు పైకి తేల్చేస్తుంది. లైట్లకు విడి ఫీడరు (వేరే కరెంటు లైను) ఇచ్చి, బ్యారేజీ దగ్గర వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి హెచ్చరిక రాగానే ఆపేయాలి.

ప్రవాహానికి అడ్డంగా మెష్ ఫెన్సింగ్ వేస్తే గుర్రపుడెక్క పట్టుకుని గోడలా మారుతుంది, స్తంభాలతో సహా పడిపోతుంది. రెయిలింగు ప్రవాహం వెంబడే, అదీ ఊడదీసేలా ఉండాలి. టైల్స్ కింద జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) మానేశారా, వరద తీస్తున్నప్పుడు సన్నమట్టి నీటితో జారిపోయి టైల్స్ కుంగుతాయి. చాలాచోట్ల డబ్బు మిగిల్చేది ఇక్కడే, పోగొట్టుకునేదీ ఇక్కడే. ర్యాంపు వాలు 1:12 (పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు) దాటొద్దు.

ఒండ్రును తడి ఆరకముందే పారలతో తోసి, నీళ్లు కొట్టి కడగాలి. ఎండితే గునపం కావాలి. ఏటా బడ్జెట్‌లో ఈ పద్దు లేకపోతే పార్కు రెండో వానాకాలానికే పాడు.

బెజవాడ_గట్టు:
మరి చెట్లు?

పచ్చతోరణం:
లాన్ దండగ, గరిక చాలు. ఒండ్రు పడినా మళ్లీ లేస్తుంది. నీటి అంచున వట్టివేరు, కాస్త పైన ఏరుమద్ది, నేరేడు, కానుగ. గోడ పునాదికి దగ్గరగా రావి, మర్రి నాటొద్దు, వేర్లు జాయింట్లలోకి దూరతాయి.

సైట్_ఇంజనీర్:
ఒకటి మర్చిపోయాం. ఊరి డ్రెయిన్లు గోడ గుండా నదిలో కలిసే చోట ఫ్లాప్ గేట్లు (నీటిని బయటికే వదిలి, నది పెరిగితే మూసుకునే తలుపులు) ఉంటాయి. ఒక్క ప్లాస్టిక్ సీసా ఇరుక్కున్నా తలుపు పూర్తిగా మూసుకోదు, నది నీరు వీధిలోకి ఎదురెక్కుతుంది. జూన్‌లోపు ప్రతి గేటూ తెరిచి మూసి చూడాలి. అవి మూసి ఉన్నప్పుడు ఊళ్లో కురిసిన వానను ఎత్తిపోయడానికి డీజిల్ పంపులు ఉండాలి. పార్కు ప్లాను గీసేటప్పుడే ఆ గేట్ల దగ్గరికి ట్రాక్టరు వెళ్లే దారి వదలండి, పూలకుండీలతో మూసేయకండి.